కరివేపాకు ఇంట్లోకి... అమ్మానాన్నలు ఇండియాకి!

అమెరికాలో తెలుగువాళ్ల పెరటితోటకు ఆయుష్షు ఆరు నెలలు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నల మకామూ ఇంచుమించు అంతే. అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీలోని ఇళ్లల్లో ఆ రెండు సర్దుళ్లూ ఒకేసారి మొదలవుతాయి.

మన దగ్గర చలి మొదలైందంటే పెరటికి పండగే. బంతీ చామంతీ విరగబూస్తాయి. చిక్కుడుపాదు పందిరంతా అల్లుకుంటుంది. సంక్రాంతి నెల వచ్చేసరికి గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు సిద్ధంగా ఉంటాయి. అదే చలికాలం న్యూజెర్సీలో అయితే కథ పూర్తిగా అడ్డం తిరుగుతుంది. ముందురోజు సాయంత్రం దాకా పిందెలేస్తూ పచ్చగా ఉన్న సొరపాదు, తెల్లారి తలుపు తీసి చూసేసరికి ఉడకబెట్టిన ఆకులా నల్లబడి వేలాడుతుంటుంది. పక్కనే ఉన్న గోంగూరా, వంగా, బెండా... అన్నిటిదీ అదే గతి. చీడ కాదు, తెగులు కాదు. రాత్రి మంచు పేరుకుంది, అంతే!

ఆ రాత్రి ఏదో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మధ్య న్యూజెర్సీలో మామూలుగా అక్టోబరు మూడు, నాలుగు వారాల్లో వస్తుంది. ఒక్కోసారి దసరా పారణ అయిన కొద్దిరోజులకే, ఒక్కోసారి దీపావళి దాటాక. అది వచ్చేలోపు కోయాల్సినవి కోయాలి, తవ్వాల్సినవి తవ్వాలి, ఇంట్లోకి తేవాల్సినవి తేవాలి. ఆ పని చేసేది ఎవరంటారా? గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చి, వెళ్లే రోజు దగ్గరపడుతున్న తాతయ్యలూ అమ్మమ్మలే.

ఆరు నెలల కాపురం

న్యూయార్క్ నుంచి రైలెక్కితే గంటలోపు వచ్చే ఊరు ఎడిసన్. విద్యుద్దీపంతో పేరు తెచ్చుకున్న థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టిన మెన్లోపార్క్ ఈ ఊళ్లోనే ఉంది. అంతకుముందు వేరే పేరున్న ఈ ఊరికి 1954లో ఆయన పేరు పెట్టుకున్నారు. ప్రయోగశాల ఉన్నచోట నెత్తిన పెద్ద బల్బుతో ఓ స్మారక స్తంభం కూడా ఉంటుంది. ఇప్పుడైతే ఎడిసన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఓక్‌ట్రీ రోడ్డు. చీరలూ నగలూ మిఠాయిలూ పచ్చళ్లూ... ఏం కావాలన్నా అక్కడికే. ఎడిసన్, పిస్కాటవే, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో... ఈ చుట్టుపక్కల ఏ వీధిలోకెళ్లినా ఏదో ఒక గుమ్మానికి మామిడాకుల తోరణం కనిపిస్తుంది, అది ప్లాస్టిక్‌దైనా సరే.

ఇళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు పచ్చిక, పక్కన కారుషెడ్డు, వెనకాల చెక్కతో కట్టిన అరుగు, దాని కింద పెరడు. ముందువైపు పచ్చిక ఊరి కోసం. దాన్ని తవ్వి వంకాయలు వేస్తే ఇరుగుపొరుగు ముఖం చిట్లిస్తారు. కొన్ని కాలనీల్లో నిబంధనలూ ఒప్పుకోవు. వెనకవైపు మాత్రం ఇంటివాళ్ల ఇష్టం. న్యూజెర్సీకి అసలు ముద్దుపేరే 'గార్డెన్ స్టేట్'. దాన్ని నిజం చేయడానికా అన్నట్టు, మనవాళ్ల పెరళ్లలో మే నుంచి అక్టోబరు దాకా జాగా ఖాళీ ఉండదు.

ఇక్కడో చిత్రమైన లెక్క ఉంది. పిల్లల దగ్గరకు సందర్శక వీసా మీద వెళ్లే తల్లిదండ్రులను సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఈ ప్రాంతంలో ఆఖరి మంచు పడేది ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో. మే రెండో ఆదివారం వచ్చే మదర్స్ డే దాటేదాకా నారు బయట పెట్టొద్దన్నది స్థానికుల సామెతలాంటి మాట. మళ్లీ మొదటి మంచు అక్టోబరులో. అంటే తోటకు దొరికే కాలమూ ఆరు నెలలే! అందుకే ఏప్రిల్లో విమానం దిగిన తండ్రి మర్నాడు పొద్దున్నే పెరట్లో నిలబడి, 'ఒరేయ్, ఇక్కడ మట్టి బంకగా ఉందిరా, ఎరువు తెప్పించు' అంటాడు. కొడుకు ఫోన్ తీసి ఆర్డరు పెడతాడు. ఆ ఏటికి తోట మొదలైనట్టే.

గుమ్మంలో పార్శిలు

తెప్పించడమంటే అక్కడ అంతా ఇంటికే. విత్తనాలు, నారు పోసే ట్రేలు, పాదు పాకడానికి వలతాడు, వేపనూనె... అన్నీ అట్టపెట్టెల్లో వచ్చి గుమ్మంలో వాలతాయి. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు బడికి వెళ్లాక ఇంట్లో ఉండేది పెద్దవాళ్లే. కారు నడపరు. నడిచి వెళ్దామంటే వెళ్లడానికి ఏమీ ఉండదు. వీధిలో మనిషి కనిపించడమే అపురూపం. అలాంటిచోట పగలంతా ఎదురుచూసేది ఆ పార్శిళ్ల బండి కోసమే. గోధుమరంగు వ్యాను ఎవరిది, నీలం వ్యాను ఎవరిది, తెల్ల బండిలో తపాలా ఎన్నింటికి వస్తుంది... నెల తిరిగేసరికి తాతయ్యకు అన్నీ తెలిసిపోతాయి.

తెలియనిదల్లా ఆ మనుషుల సంగతే. మన ఊళ్లో పోస్ట్‌మ్యాన్ అయితే ఎండలో వచ్చి అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడుగుతాడు, ఇంట్లో అందరి యోగక్షేమాలూ కనుక్కుంటాడు. ఇక్కడ వచ్చినవాడు పెట్టె మెట్టు మీద పెడతాడు, ఫోన్‌తో దానికో ఫొటో తీస్తాడు, తాతయ్య తలుపు తీసేలోపు బండి వీధి మలుపు తిరిగిపోతుంది. చాలావాటికి సంతకం అక్కర్లేదు. తలుపైనా తట్టని రోజులే ఎక్కువ. ఈ పద్ధతి వల్ల గుమ్మాల్లో పెట్టెలు ఎత్తుకుపోయే దొంగలూ పుట్టుకొచ్చారు. వాళ్లకో పేరు కూడా ఉంది... పోర్చ్ పైరేట్స్! వరండా దొంగలన్నమాట. వీళ్ల భయానికే చాలా ఇళ్లు తలుపు గంటకు కెమెరా బిగించుకున్నాయి. పెద్దవాళ్లు ఉన్న ఆరు నెలలూ మాత్రం ఆ బెంగ ఉండదు. పెట్టె నేలకు తాకిన చప్పుడుకే తలుపు తెరుచుకుంటుంది.

విత్తనాల సంగతికొస్తే... ఒకప్పుడు చీరల మడతల్లో గోంగూర, దోస గింజల పొట్లాలు దాచి తీసుకెళ్లిన అమ్మమ్మలు చాలామందే. కానీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తీసుకెళ్లడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. విమానాశ్రయంలో పట్టుబడితే చెత్తబుట్టలోకే. అది ఒట్టి చాదస్తమూ కాదు. 2020 వేసవిలో అమెరికా అంతటా ఇళ్లకు ఎవరూ అడగని విత్తనాల పొట్లాలు తపాలాలో వచ్చిపడ్డాయి. చాలావాటి మీద చైనా ముద్ర ఉంది. ఆవాలు, క్యాబేజీ, పుదీనా, మందారం... ఇలా ఏవేవో గింజలు. వాటిని నాటొద్దు, పారేయొద్దు, మాకు అప్పగించండని వ్యవసాయశాఖ జనాన్ని కోరింది. తీరా చూస్తే, అమ్మకాలు జరిగినట్టు చూపించి దొంగ పొగడ్తలు రాసుకోవడానికి ఆన్‌లైన్ వ్యాపారులు చేసిన పని కావచ్చన్నారు. ఇప్పుడు గోంగూర, చుక్కకూర, దోస, బీర... అన్నీ అమెరికాలోనే అమ్మేవాళ్లున్నారు. కాకపోతే గోంగూర విత్తనం ఏటా కొనాల్సిందే. పగటిపొద్దు బాగా తగ్గితేగానీ గోంగూర పూత పట్టదు. అది పూసి కాయ కట్టి గింజ ముదిరేలోపే అక్కడ మంచు వచ్చేస్తుంది. ఆకు ఎంత కావాలంటే అంత, గింజ మాత్రం ఉండదు.

32 డిగ్రీల రాత్రి

32 డిగ్రీలంటే మనకు ఎలా ఉంటుంది? హాయిగా, చొక్కా ఒక్కటి చాలు అన్నట్టుగా. అమెరికాలో అదే అంకె నీళ్లు గడ్డకట్టే చలి. వాళ్లది ఫారన్‌హీట్ లెక్క మరి! కొత్తగా వెళ్లిన పెద్దవాళ్లు టీవీలో 'రాత్రికి 32' అని చూసి, 'ఫర్వాలేదే' అనుకోవడం మామూలే.

ఆ అంకె కనిపించిన సాయంత్రం పెరట్లో హడావుడి చూడాలి. పండినవీ పండనివీ టొమాటోలన్నీ దిగిపోతాయి. పచ్చివాటితో రోటిపచ్చడికి, పప్పుకి ఇక లోటుండదు. మిగిలినవి కాగితంలో చుట్టి గట్టు మీద పెడితే మెల్లగా రంగు తిరుగుతాయి. గోంగూర ఆకంతా దూసి కడిగి ఆరబెట్టి నూనెలో మగ్గించి డీప్ ఫ్రీజర్‌కు చేరుస్తారు. ఈ పని ఒక్కదానికే అమ్మమ్మకు రెండు రోజులు. బెండకాయలు, మిరపకాయలు, ఆఖరి పిందె దాకా కోసేస్తారు. ఇంకో వారం ఎండ ఉంటుందని ఆశ ఉన్నవాళ్లు పాత దుప్పట్లు తెచ్చి మొక్కల మీద కప్పుతారు. అది ఒకట్రెండు రాత్రులు కాపాడుతుంది. ఆ తర్వాత కాదు.

అక్టోబరు చివరి వారాన్ని న్యూజెర్సీ వాళ్లు తేలిగ్గా తీసుకోరు. 2011 అక్టోబరు 29న ఇంకా ఆకు రాలని చెట్ల మీద మంచు కురిసింది. ఆ బరువుకు కొమ్మలు విరిగి తీగల మీద పడి ఊళ్లకు ఊళ్లకే కరెంటు పోయింది. సరిగ్గా ఏడాదికి, 2012 అక్టోబరు 29న శాండీ తుపాను తీరం దాటింది. ఈసారి చీకట్లో రోజుల తరబడి ఉన్నారు. డీప్ ఫ్రీజర్‌లో దాచిన గోంగూరలూ పోయాయి, అప్పటికే మూటాముల్లె సర్దుకున్న పెద్దవాళ్ల విమానాలూ రద్దయ్యాయి.

ముందు చేరాల్సింది కరివేపాకే

కూరగాయలు పోతే పోయాయి, మళ్లీ ఏడాది వేసుకోవచ్చు. కరివేపాకు అలా కాదు. తెలుగింట్లో అది పెంపుడు బిడ్డ. ఓక్‌ట్రీ రోడ్డులో పొట్లాల్లో దొరుకుతుంది కదా అంటారా? రెమ్మ తుంచి పోపులో వేయడానికి అలవాటుపడ్డ ప్రాణానికి పొట్లంలో ఆకు ఆనదు.

ఈ మొక్క కూడా పార్శిల్లోనే వస్తుంది. అరచేతి ఎత్తున్న మొక్క, తడికాగితం చుట్టిన వేళ్లు, మీద అట్ట. వారాంతంలో గోదాముల్లో చిక్కుకుపోకుండా అమ్మకందారులు వీటిని సోమ, మంగళవారాల్లోనే పంపుతుంటారు. చలి బాగా ముదిరాక పంపడం మానేస్తారు, లేదంటే పెట్టెలో వెచ్చదనానికి ఓ వేడి పొట్లం పెడతారు. అయితే అమెరికాలో అన్నిచోట్లకీ ఈ మొక్కను పంపించరు. కారణం ఓ చిన్న పురుగు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే ఆ పురుగుకు కరివేపాకన్నా ఇష్టమే. ఫ్లోరిడాలో పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. కాలిఫోర్నియాలో తెగులు 2012లో కనిపించింది. అందుకే నిమ్మజాతి తోటలున్న రాష్ట్రాలకు కరివేపాకు మొక్క రవాణా మీద ఆంక్షలున్నాయి. మన పోపుడబ్బా మొక్క కోసం ఓ ప్రభుత్వశాఖ కాపలా కాస్తోందంటే నమ్మడం కష్టమే! న్యూజెర్సీలో నిమ్మతోటలు లేవు కాబట్టి అక్కడివాళ్లు అదృష్టవంతులు.

వచ్చిన మొక్కను పెట్టె విప్పగానే ఎండలో పెట్టకూడదు. నాలుగైదు రోజులు చీకట్లో ప్రయాణం చేసింది కదా, ముందు నీడ, కొంచెం నీళ్లు, తర్వాత మెల్లగా వెలుతురు. ఇక అక్టోబరులో రాత్రులు 50 ఫారన్‌హీట్, అంటే 10 సెల్సియస్ దాటి కిందికి జారుతున్నాయంటే కుండీ ఇంట్లోకి రావాల్సిందే. తెచ్చేముందు ఆకుల అడుగున కూడా నీళ్లు కొట్టి కడగాలి. లేకపోతే కుండీతోపాటు పొలుసు పురుగులూ ఇంట్లో కాపురం పెడతాయి. హీటరు గాలికి ఆకు పొడిబారి ఎర్రనల్లి పడుతుంది. చలికాలమంతా మొక్క నిద్రలో ఉంటుంది, ఆకు రాల్చినా కంగారు పడనక్కర్లేదు. నీళ్లు ఎక్కువైతేనే ప్రమాదం. 'పచ్చగా లేదు, పులిసిన మజ్జిగ పొయ్యండి' అనే అమ్మమ్మ వైద్యం వేసవిలో బాగానే ఉంటుందిగానీ, జనవరిలో కార్పెట్ మీద ఉన్న కుండీలో మజ్జిగ పోస్తే ఇల్లంతా వాసన.

కరివేపాకు తర్వాత మల్లె, దాని తర్వాత మునగ. మునగను పీపాలో పెంచినవాళ్లు కాండం నడుముదాకా నరికి కారుషెడ్డులోకి దొర్లిస్తారు. కిటికీ దగ్గర చోటు చాలనివాళ్లు మొక్కల కోసం ప్రత్యేకంగా దొరికే లైట్లు తెప్పిస్తారు. ఊదారంగు వెలుగులో కరివేపాకు! బయటినుంచి చూసేవాళ్లు ఏమనుకుంటారోగానీ.

అన్నిటికన్నా చిక్కు తులసితో. మంచు తగిలితే ఒక్కరాత్రిలో పోతుంది. తులసికోట ముందు దీపాలు పెట్టాల్సిన కార్తికమాసమేమో సరిగ్గా అప్పుడే వస్తుంది. దాంతో క్షీరాబ్ది ద్వాదశి పూజ టీవీ పక్కనో, వంటింటి కిటికీ దగ్గరో జరుగుతుంది. ఉసిరికొమ్మ దొరకదు. పొగకు మోగే అలారం ఒకటి నెత్తిమీద ఉంటుంది కాబట్టి వత్తులు తక్కువ, భక్తి ఎక్కువ.

అట్టపెట్టెల దుప్పటి

ఆరు నెలల్లో వచ్చిన పార్శిళ్ల పెట్టెలు ఏమయ్యాయి? చెత్తబండికి వేశారనుకుంటే తాతయ్యను తక్కువ అంచనా వేసినట్టే. టేపు పీకి, చిరునామా కాగితం గీకి, మడిచి కారుషెడ్డులో దొంతర పేర్చి ఉంటాడు. నిగనిగలాడే రంగు పూత ఉన్నవి మాత్రం పక్కకు పోతాయి. మంచు పడి మొక్కలు పోయాక, మళ్లను శుభ్రం చేసి ఈ అట్టల్ని అంచులు కలిసేలా పరిచి నీళ్లతో తడుపుతారు. మీద అరచెయ్యి మందాన ఎండుటాకులు. మేపుల్, ఓక్ చెట్లు ఆ నెలలో రాల్చే ఆకుకు అంతే ఉండదు. ఊరంతా వాటిని కాగితం సంచుల్లోకి ఎత్తి వీధిలో పెడుతుంటే, మనవాళ్లు మాత్రం పక్కింటి సంచులు కూడా అడిగి తెచ్చుకుంటారు. చలికాలమంతా ఆ దుప్పటి కింద కలుపు ఊపిరాడక చస్తుంది. మంచు కరిగి వసంతం వచ్చేనాటికి అట్ట మెత్తబడి, వానపాములు పైకొచ్చి, నేల గుల్లగా తయారవుతుంది. ఏప్రిల్లో బంకమట్టి అని విసుక్కున్న నేలేనా ఇది అనిపించడానికి రెండు మూడేళ్లు చాలు.

ఇంకో పని మరిచిపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పెరట్లో కుళాయికి లోపలినుంచి వాల్వు కట్టేసి, రబ్బరు గొట్టం ఊడదీసి, మిగిలిన నీళ్లు వదిలేయాలి. లేకపోతే గొట్టంలో నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, గోడలోనే పగులుతుంది. ఆ సంగతి వసంతంలో కుళాయి తిప్పినప్పుడుగానీ తెలియదు.

అంతా మూసేయడమేనా, నాటేవి ఏవీ లేవా? ఉన్నాయి, రెండు. ఒకటి పూలదుంపలు. వాటినీ అక్కడ బల్బులనే అంటారు. ఎడిసన్ ఊళ్లో బల్బులు పాతిపెట్టడమంటే తెలుగు తాతయ్యలకు నవ్వులాటే. అమ్మేవాళ్లు పిన్‌కోడ్ చూసి, ఆ ప్రాంతపు చలిని బట్టి, నాటే సమయానికి అందేలా పంపుతారు. తులిప్ దుంపను ఆరేడు అంగుళాల లోతున పెట్టాలి. పన్నెండు వారాలకు తక్కువ కాకుండా చలి తగిలితేగానీ పూయదు. ఉడతలు తవ్వుకుపోగా, జింకలు మొగ్గలు మేయగా మిగిలినవే ఇంటివాళ్లకు. డాఫొడిల్‌ను మాత్రం జింక ముట్టదు, దానిలో విషముంది.

రెండోది వెల్లుల్లి. తెలుగువాళ్ల మనసు దీనిమీదే. అక్టోబరులో పాయను రెబ్బలుగా విడదీసి, మొన పైకి ఉండేలా నాటి ఆకులు కప్పితే చాలు. చలిలో వేరు పట్టి, మంచు కింద పడుకుని, వసంతంలో లేస్తుంది. జూన్‌లో కాడలు మెలికలు తిరుగుతాయి, జులైలో పాయలు తవ్వుకోవచ్చు. అంటే నాటిన తాతయ్య దాన్ని తవ్వాలంటే మళ్లీ ఏడాది రావాలి. మోకాళ్లు సహకరించాలి, షుగరు అదుపులో ఉండాలి, ప్రయాణపు బీమా వయసును చూసి భయపెట్టకూడదు. ఇన్ని ఉన్నా, 2020 మార్చిలో విమానాలే ఆగిపోయి, వెళ్లాల్సినవాళ్లు అక్కడా రావాల్సినవాళ్లు ఇక్కడా ఉండిపోయిన ఏడాది ఎవరికీ మరపురాదు. అందుకే ఎక్కువమంది పెద్దవాళ్లు వెల్లుల్లి నాటేటప్పుడు మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఎంత లోతు, ఎంత ఎడం అన్నది వాడి వేళ్లతోనే కొలిపిస్తారు.

ప్రయాణం రోజు దగ్గరపడ్డాక ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి ఉంటుంది. 'కరివేపాకు: వారానికి ఒక గ్లాసు. మల్లె: ముట్టుకుని చూసి ఎండితేనే. తులసి: రోజూ కొంచెం. మునగ: మార్చి దాకా వద్దు.' కింద గీత గీసి, 'కుళాయి కట్టేశాను, ఎవ్వరూ తిప్పవద్దు' అని. కోడలు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది. 'మీరేం బెంగ పెట్టుకోకండి మామయ్యా, నేను చూసుకుంటాగా' అంటుంది. ఆయన సరేనంటూనే మళ్లీ వెళ్లి కుండీలో వేలు పెట్టి చూస్తాడు.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటలున్న తేడా పదిన్నర అవుతుంది. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. ఇల్లు పగలంతా ఖాళీ. థ్యాంక్స్‌గివింగ్ అమ్మకాలు మొదలై గుమ్మంలో పెట్టెలు మూడురెట్లు పెరిగేదీ, వాటిని లోపల పెట్టేవాళ్లు లేనిదీ ఆ రోజుల్లోనే. అయితే తలుపు గంట కెమెరా యాప్‌ను తాతయ్య ఫోన్‌లోంచి తీసేయడం చాలా ఇళ్లల్లో మరిచిపోతారు. గుంటూరులో రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి మంచం మీద నడుం వాల్చగానే ఫోన్ మోగుతుంది. ఎడిసన్‌లో అప్పుడు పొద్దున పదకొండు. తెరమీద నీలం వ్యాను, వంగి పెట్టె పెడుతున్న మనిషి, మెట్టుమీద పలచగా మంచు. ఆయన వెంటనే ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తాడు.

'ఒరేయ్, ఏదో పెట్టె వచ్చిందిరా. మొక్కేమో చూడు, చలికి బయట ఉంచకండి.'